కూత మానేసిన ఊయల

నేను చూడని క్షణంలో నా కూతురి ఊపిరి ఆగిపోతుందనీ, ఆగిన సంగతి నాకెవరూ చెప్పరనీ. అదీ నా భయం. పాముకీ చీకటికీ నేను భయపడను. ఏడ్చే పిల్లంటే అసలే భయం లేదు. ఏడుపంటే బతికున్నట్టే కదా. చప్పుడు లేకుండా, కదలకుండా, హాయిగా పడుకున్న పిల్లని చూస్తేనే నా అరికాళ్ళు చల్లబడతాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలాకే నా ఊపిరి నేను తీసుకుంటాను. "దాన్ని పడుకోనివ్వవు, నువ్వు పడుకోవు" అని మా ఆయన విసుక్కుంటాడు.

నిన్న మధ్యాహ్నం ఆ భయం నిజమైంది. నా పిల్లకి కాదు, గుండీలు కుట్టే అక్క కొడుక్కి.

మా బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే తల్లుల కోసం ఒక చంటిపిల్లల గది ఉంది. అందులో మోటారుతో ఊగే ఊయలలు. ఒక్కోదాని నిలువు ఇనప పట్టీకి అరచేతి వెడల్పు పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. పిల్ల ఏడిస్తే ఊపడం, నిద్రపోతే ఆపడం ఆ పెట్టె పని. అంతకంటే పెద్ద పని ఇంకొకటుంది. పరుపు కింది పలక మీంచి పిల్ల ఊపిరి వింటూ ఉంటుంది. ఊపిరి తడబడిందంటే బిల్డింగంతా ఉలిక్కిపడేలా అరుస్తుంది. అంతా బాగుంటే పచ్చదీపం. ఆ పచ్చదీపాన్ని నమ్మే మేమంతా మిషన్ల ముందు కూర్చుంటాం.

నిన్న మూల ఊయలలో పడుకున్న ఆ పిల్లాడి మొహం మీదికి దుప్పటి చేరింది. పెట్టె అరవలేదు. పచ్చదీపం ఆరలేదు. ఆయా వెళ్ళి చూసేసరికి వాడి పెదవులు నీలంగా ఉన్నాయి. ఇప్పుడు ఆసుపత్రిలో గొట్టాల మధ్య ఉన్నాడు. బతుకుతాడా అంటే డాక్టర్లు అవుననరు, కాదనరు.

ఆ ఆయా మా పిన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పెట్టె స్విచ్ ఆపేసి కునుకు తీసిందనీ, ఇవాళ సాయంత్రం గంట కొట్టగానే పోలీసులకి అప్పగిస్తాననీ మా సెక్యూరిటీ ఆఫీసరు పట్టుబట్టాడు. ఒకప్పుడు ఆయనా పోలీసేనట. అందరూ మీసాల సారంటారు.

నాకు తెలిసిన దిక్కు ఒక్కటే. మా ఆయన అక్క. మా వదిన. పోయిన మనుషుల్నీ పోయిన వస్తువుల్నీ వెతికిపెట్టడమే ఆవిడ వృత్తి. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళు ఆవిడని జల్లెడ అంటారు. పొద్దున్నే వెళ్ళి కాళ్ళ మీద పడబోతే చెయ్యి పట్టుకుని లేపి, "ఏడుపు తర్వాత. ముందు నాకు ఆ ఊయల చూపించు మరదలా" అంది.

*

సెక్యూరిటీ గదిలో బల్లకి అటు మీసాల సారు, ఇటు పిన్ని. పిన్ని చీర కొంగుని వేలికి చుట్టి విప్పుతోంది, చుట్టి విప్పుతోంది.

"రండి మేడం," అన్నాడు మీసాల సారు కుర్చీలోంచి లేవకుండా. "కేసు అయిపోయాక డిటెక్టివ్ వస్తే పెళ్ళయ్యాక పురోహితుడొచ్చినట్టు ఉంటుంది."

"పెళ్ళి సరిగ్గా జరిగిందో లేదో చూడ్డానికి వచ్చాలెండి," అంది వదిన కుర్చీ లాక్కుంటూ. "పిన్నిగారూ, నిన్న నిద్రపోయారా?"

"నా తల్లి మీద ఒట్టు. లేదమ్మా."

"పెట్టె స్విచ్ ముట్టుకున్నారా?"

"పొద్దున వేస్తాను, సాయంత్రం వెళ్ళేప్పుడు ఆపుతాను. మధ్యలో దాని జోలికే పోను."

"ఆ ఊయల దగ్గరికి ఎందుకు వెళ్ళారు మరి? అరవలేదు, దీపం పచ్చగానే ఉంది. వెళ్ళాల్సిన పనేంటి?"

పిన్ని నావైపు చూసింది. "ఏమో. మరీ చప్పుడు లేకుండా ఉంది."

మీసాల సారు నవ్వాడు. "చూశారా? చప్పుడు లేదట. అందుకని వెళ్ళిందట. కోర్టులో ఇలాగే చెప్పించండి."

వదిన ఆయన్ని పట్టించుకోలేదు. "ఆ ఊయల మీద ఇంతకుముందు ఫిర్యాదులేమైనా ఉన్నాయా?"

పిన్ని గొంతు తగ్గించింది. "దానికి దయ్యం ఉండేదమ్మా."

"ఇదిగో, మొదలు!" అన్నాడు మీసాల సారు.

"మీరుండండి. చెప్పండి పిన్నిగారూ. ఎలాంటి దయ్యం?"

నేనూ చూశాను కాబట్టి ఆ దయ్యం నాకూ తెలుసు. మధ్యాహ్నం భోజనాల గంటయ్యాక, ఖాళీగా ఉన్నా సరే, పిల్లున్నా సరే, మూల ఊయల ఉన్నట్టుండి ఆగిపోయేది. ఒక్క క్షణం పచ్చదీపం కూడా పోయేది. తర్వాత పిట్ట కూసినట్టు మూడు కూతలు. ఆ వెంటనే ఎవరో అదృశ్యంగా నిలబడి తోస్తున్నట్టు మెల్లగా మూడు ఊపులు. ఖాళీ ఊయల అలా తనంతట తాను ఊగుతుంటే చూసినవాళ్ళకి అన్నం సహించేది కాదు. పిన్నికంటే ముందున్న ఆయా జీతం కూడా అడక్కుండా మానేసింది. తల్లులం మిషన్లు వదిలేసి గంటకోసారి పిల్లల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం.

"తర్వాత ఊయలల మెకానిక్ వచ్చి ఏదో చేశాడు," అంది పిన్ని. "ఆ రోజుతో దయ్యం వదిలింది. మళ్ళీ ఒక్క మధ్యాహ్నం కూడా కూయలేదు. ప్రాణం హాయిగా ఉందనుకున్నాం."

"దయ్యం వచ్చే ముందు ఏమైనా జరిగేదా? ఆలోచించుకుని చెప్పండి."

"లైట్లు ఒక్క రెప్పపాటు మసకబారేవి. గోడవతల దుమ్మని చప్పుడు... పెద్ద ఇస్త్రీ ప్రెస్సు వేస్తారు చూడండి, అది."

వదిన కుర్చీ పిన్ని దగ్గరికి జరుపుకుంది. "దయ్యం పోయాక ఆ ఊయల ఎలా ఉండేది? మధ్యాహ్నాలు?"

"బంగారం లాగా. మిగతావి ఊగుతూ ఆగుతూ ఉంటే ఇది మాత్రం కదిలేది కాదు. పచ్చదీపం అలాగే వెలుగుతూ ఉండేది. పిల్లల్ని నిద్రపుచ్చడంలో దీని తర్వాతే ఏదైనా అనుకునేవాళ్ళం."

"అందులో పిల్ల ఏడిస్తే?"

"నేనే వెళ్ళి చేత్తో ఊపేదాన్ని."

"మోటారుండగా మీరెందుకు ఊపారు?"

పిన్ని నోరు తెరిచింది. కొంగు వేలి మీద ఆగిపోయింది.

"అది... ఊగేది కాదు," అంది మెల్లగా. "మధ్యాహ్నాలు ఊగేది కాదమ్మా. పొద్దున ఊగేది. నేను... నాకు ఎప్పుడూ తట్టలేదు."

ఊగని ఊయలని చూసి నిద్రపోతున్న పిల్ల అనుకున్నాం మేమంతా. ఆ మధ్యాహ్నాలన్నిటిలో ఆ పచ్చదీపం వెనకాల ఎవరూ లేరు.

*

చంటిపిల్లల గదిలో ఇవాళ రెండు ఊయలల్లోనే పిల్లలున్నారు. ఒకరు నా కూతురు. మిగతా తల్లులు పిల్లల్ని ఇంట్లోనే వదిలేసి వచ్చారు, కొందరు అసలు రాలేదు. నాకు ఆ ఊరట లేదు, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. గదిలోకి వెళ్తూనే ముందు దాని ముక్కు దగ్గర వేలు పెట్టాను. వదిన చూసింది.

మూల ఊయల ఖాళీగా ఉంది. దుప్పటి తీసేశారు. పరుపు మధ్యలో ఇంకా చిన్న గుంట ఉంది, పిల్లాడి ఒంటి గుంట. నేను అటు చూడలేక పట్టీ వైపు చూశాను.

"ఇదిగో మీ దయ్యాల కొంప," అన్నాడు మీసాల సారు. "నేను మీ అందరికంటే ముందే పరీక్ష చేశాను. చూడండి." స్విచ్ ఆపాడు. పచ్చదీపం పోయింది. వేశాడు. మూడు కూతలు, మూడు ఊపులు, పచ్చదీపం. పరుపు మీద అరచెయ్యి ఉంచి, పిల్ల ఊపిరిలా కాసేపు మెల్లగా నొక్కి వదిలి, తర్వాత చెయ్యి తీసేశాడు. కొంతసేపటికి పెట్టె గుండెలు పగిలేలా అరిచింది. రెండు ఊయలల్లోని పిల్లలూ లేచి ఏడుపందుకున్నారు. నేను పరిగెత్తి నా దాన్ని భుజాన వేసుకున్నాను.

"యంత్రం నిక్షేపంలా ఉంది," అన్నాడాయన ఆ గోల మీంచి. "యంత్రం అబద్ధమాడదు. మనిషే ఆడుతుంది."

వదిన పెట్టెకి చుట్టుపక్కల చూస్తోంది. మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ చూపుడువేలు పట్టీ మీద గీత గీసినట్టు దిగింది. ఆగింది. మళ్ళీ పైకెళ్ళింది.

"మరదలా, నువ్వు రోజూ పిల్లలతో వేగేదానివి. ఇది చూసి చెప్పు. ఏంటిది?"

పిల్లని ఊపుతూ వంగి చూశాను. "పాలు కక్కితే కారిన చార. ఎండిపోయింది. తుడిచినట్టు లేరు."

"ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉంది?"

పై కడ్డీ మీంచి పట్టీ వెంట కిందికి కారింది. పెట్టె అంచు దాకా వచ్చింది. పెట్టె కింద మళ్ళీ మొదలై కాలి దాకా ఉంది. పెట్టె మీద మాత్రం లేదు. పెట్టె మీద దుమ్ము కూడా లేదు.

"పైన ఉంది, కింద ఉంది," అన్నాను. "మధ్యలో లేదు వదినా. పాలు పెట్టెని దాటి దూకవు కదా."

"తుడిచుంటారు!" అన్నాడు మీసాల సారు.

"పెట్టె ఒక్కటే తుడిచి పైనా కిందా వదిలేసే ఇల్లాలిని నేనింతవరకు చూళ్ళేదండీ," అంది వదిన లేచి చీర దులుపుకుంటూ. "మెకానిక్‌ని రమ్మన్నాను. వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు చూడండి."

*

ఊయలల మెకానిక్‌కి ముప్ఫై దాటి ఉండవు. చేతిసంచి ఛాతీకి హత్తుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే మూల ఊయల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"దయ్యాన్ని వదిలించింది నువ్వేనటగా," అంది వదిన. "ఏ మంత్రం వేశావు?"

"మంత్రమేం లేదండీ. సెట్టింగు సరిచేశాను."

"ఏ సెట్టింగు?"

"చెప్పినా మీకర్థం కాదండీ."

"మా మరదలికి అర్థమయ్యేట్టు చెప్పు. దానికి అర్థమైతే నాకూ అవుతుంది."

అతను నా భుజం మీదున్న పిల్లని చూశాడు. తర్వాత తల దించుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"లోపల ఒక చిన్న చిప్పు ఉంటుందక్కా. మైక్రోకంట్రోలర్ అంటాం. ఊపిరి వినేది అదే, ఊపేది అదే, అరిచేది అదే. కరెంటు పూర్తిగా పోయి వస్తే దానికేం కాదు, మొదటినుంచి మొదలుపెడుతుంది. సగం సగం పడితేనే గండం. పక్కన పెద్ద మోటారు వేశారనుకో, ఓల్టేజి ఒక్క రెప్పపాటు కుంగుతుంది. అప్పుడది చావదు, బతకదు. ఏ పని మధ్యలో ఉందో మర్చిపోతుంది. ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది."

"మరి పచ్చదీపం?"

"వెలిగించిన దీపాన్ని ఆర్పమని చెప్పాల్సింది కూడా ఆ చిప్పే. దానికే మతి పోతే దీపం అలాగే ఉండిపోతుంది."

పిల్లని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాను.

"ఇలా జరుగుతుందని దాన్ని చేసినవాళ్ళకి తెలీదా?" అంది వదిన.

"తెలుసండీ. అందుకే పక్కన కాపలా పెడతారు. వాచ్‌డాగ్ టైమర్ అని. కాపలా కుక్క లాంటిది. దాని గడియారం వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది. చిప్పు సరిగ్గా పనిచేస్తున్నంతసేపూ మధ్యమధ్యలో వచ్చి, నేను బాగానే ఉన్నానని దాన్ని తట్టి వెళ్ళాలి. తట్టగానే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. తట్టకపోతే లెక్క అయిపోతుంది, కుక్క కరుస్తుంది. అంటే చిప్పుని పడుకోబెట్టి మళ్ళీ లేపుతుందన్నమాట. ఎవరూ రానక్కర్లేదు, స్విచ్ ముట్టుకోనక్కర్లేదు."

"లేచిన చిప్పు ఏం చేస్తుంది?"

అతని కంటే ముందు నేనే చెప్పాను. "మూడుసార్లు కూస్తుంది. మోటారు బాగుందో లేదో చూసుకోడానికి మూడుసార్లు ఊపుతుంది."

"అవునక్కా."

దయ్యం దయ్యం అని మేము వణికిపోయింది దాన్ని చూసి. అది వచ్చినన్నాళ్ళూ మా పిల్లలకి ఏమీ కాలేదు. మధ్యాహ్నం మధ్యాహ్నం ఆ పెట్టె చచ్చిపోతుంటే ఎవరో లేపి కూర్చోబెట్టి వెళ్తున్నారు, మేము ఎవరా అని భయపడ్డాం. రాత్రిళ్ళు పిల్ల ముక్కు దగ్గర నేను వేలు పెడతానే, అలాంటి వేలుని మేమే విరగ్గొట్టమన్నాం.

"కుక్కని ఏం చేశావు?" వదిన గొంతు మెత్తబడింది. అలా మెత్తబడినప్పుడే ఆవిడకి భయపడాలి.

"కట్టేశాను."

"ఎలా?"

"మా బల్ల మీద చిప్పుని మధ్యలో ఆపి పరీక్ష చేస్తామండీ. ఆపగానే కుక్క కరుస్తుంది, పని సాగదు. అందుకని బోర్డు మీద సూదుల్లాంటి రెండు మొనలకి చిన్న టోపీ తొడిగి దాన్ని కట్టేస్తాం. పని కాగానే టోపీ తీసేస్తాం. ఇక్కడ ఊపులకి టోపీ ఊడిపోతుందని..." సంచి కింద పెట్టాడు. "టంకం పోసి అతికేశాను."

"ఎవరు పొయ్యమన్నారు?"

"అసలు రోగం లైనుదని చెప్పానండీ! ఈ ఒక్క ఊయలకీ ప్లగ్గు చాలక గోడవతల ప్రెస్సు లైనులోంచి తీగ లాగారు. లైను మార్చండి, కూత అదే పోతుందన్నాను. గోడ పగలగొట్టాలి, పని ఆగుతుంది, ఆడవాళ్ళు ఊరికే మిషన్లు వదిలి పరిగెడుతున్నారు, నువ్వు ముందు ఆ కూత ఆపు అన్నారు."

"ఎవరన్నారని అడిగాను."

మెకానిక్ కళ్ళెత్తి మీసాల సారుని చూశాడు.

"నేనన్నది కూత ఆపమని!" మీసాల సారు కుర్చీ వెనక్కి జరిగింది. "కుక్కలూ నక్కలూ నాకేం తెలుసు? పైగా ఇదంతా కట్టుకథ. పెట్టె పనిచేయడం మీ కళ్ళతో మీరే చూశారు. ఇప్పుడే అరిచింది కదా!"

"మీరు స్విచ్ ఆపి వేశారు. పూర్తిగా చచ్చినదాన్ని పుట్టించారు. కుక్క కట్టేసి ఉన్నా ఆ పరీక్షలో నెగ్గుతుంది. సగం చచ్చినప్పుడు ఏం చేస్తుందో చూద్దాం. ప్రెస్సు వెయ్యమనండి."

"మీరు చెప్తే వేస్తారా? ఇది ఫ్యాక్టరీ మేడం, మీ అత్తగారిల్లు కాదు."

"మా అత్తగారింట్లో కూడా నా మాటే నెగ్గుతుంది లెండి. భయమా?"

మీసాల సారు మొహం ఎర్రబడింది. తలుపు తీసి ప్రెస్సు వెయ్యమని గట్టిగా కేకేశాడు.

గోడవతల దుమ్మని చప్పుడైంది. లైట్లు ఒక్క రెప్పపాటు కుంగాయి. పక్క ఊయలలో పిల్ల ఏడుపు విని ఖాళీగానే ఊగుతున్న మూల ఊయల ఊపు మధ్యలో ఆగిపోయింది, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు. గదిలో ఎవరం కదల్లేదు. పచ్చదీపం పోయింది.

పిట్ట కూసినట్టు, మూడు కూతలు.

ఖాళీ ఊయల మెల్లగా ఊగింది. మళ్ళీ ఊగింది. మళ్ళీ.

ఎవరూ స్విచ్ ముట్టుకోకుండా ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. గోల విని వచ్చి గుమ్మం అవతల నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో "వచ్చేసింది" అని నోరు నొక్కుకున్నారు.

"అయిపోయిందా?" మీసాల సారు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మీ కుక్క కట్టేసి లేదు. కరిచింది, లేపింది. మీ మెకానిక్ చెప్పింది అబద్ధం. పెట్టె నిన్నా ఇలాగే పనిచేసి ఉంటుంది. మీ పిన్నే దోషి."

"పిన్నిగారూ," వదిన అటు తిరగకుండానే పిలిచింది, "మెకానిక్ వచ్చి వెళ్ళాక నిన్నటిదాకా దయ్యం ఒక్కసారైనా వచ్చిందా?"

మాతో పాటే తీసుకొచ్చి కాపలావాడి పక్కన నిలబెట్టిన పిన్ని అడ్డంగా తలూపింది. "లేదమ్మా. ఒక్కసారి కూడా."

"మీరేమంటారమ్మా?" గుమ్మం దగ్గరి ఆడవాళ్ళని అడిగింది.

లేదంటే లేదని అందరూ ఒక్కసారే అన్నారు.

"ప్రెస్సు రోజూ వేస్తూనే ఉన్నారు. నిన్నటిదాకా రాని దయ్యం ఇవాళ వచ్చింది. పాలచార పెట్టెకి పైనా కిందా ఉంది, పెట్టె మీద లేదు. అంటే ఏంటి సారూ? పోలీసు ఉద్యోగం చేసినవారు, మీరే చెప్పండి."

ఆయన వంగి పట్టీ మీది పాలచార వైపు చూశాడు.

"ఇది ఆ పెట్టె కాదు," అంది వదిన. "నిన్న పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళిన హడావుడిలో ఎవరో మార్చేశారు. టంకం ఇక్కడ కూర్చుని ఊడదీయలేక పెట్టెకి పెట్టె బిగించి పోయారు. ఎన్ని స్క్రూలు బాబూ దీనికి?"

"రెండండీ," అని మెకానిక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నాకూ పిల్లలున్నారండీ. కబురు తెలియగానే కాళ్ళూ చేతులూ ఆడలేదు. సాయంత్రం చెక్ చేస్తానని వచ్చి మార్చేశాను. ఆవిణ్ణి పట్టుకుపోతారనుకోలేదు. నిజంగా అనుకోలేదండీ."

పిన్ని గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా కూతురు పిన్ని కొంగు పట్టుకుని లాగుతోంది. అప్పుడే గుండీలు కుట్టే అక్క తమ్ముడు ఆయాసపడుతూ వచ్చాడు. "ఏడ్చాడు," అన్నాడు. "గొట్టం తీశారు. ఏడుస్తున్నాడు. పాల కోసం వెతుక్కుంటున్నాడు." గుమ్మంలోని ఆడవాళ్ళు అక్కడికక్కడే కూలబడి ఏడ్చారు. ఆ ఏడుపు చూసి నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే కన్నీళ్ళొచ్చాయి.

కేసు తేలిపోయినట్టే అనిపించింది. మీసాల సారు టోపీ తీసి తల గోక్కుంటున్నాడు. వదిన కూడా సంచి భుజానికి తగిలించుకుంది.

అప్పుడు పిన్ని అడిగింది. కన్నీళ్ళు తుడుచుకుని, మామూలుగా, ఉప్పు డబ్బా ఎక్కడుందన్నట్టు.

"మరి ఆ పెట్టె ఏదీ నాయనా?"

*

"మా షాపులో ఉందండీ," అన్నాడు మెకానిక్. "టంకం తీసేద్దామని బల్ల మీద పెట్టాను."

"మరి ఈ మంచి పెట్టె ఎక్కడిది?" అంది వదిన.

"బాగుచేయడానికి వచ్చిన ఊయలది. ఎవరో ఇంటివాళ్ళది. దానికి రోగమేం లేదు, పరీక్ష చేసి పెట్టాను. అది తెచ్చి ఇక్కడ..." మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఏమైంది?"

"మా బల్ల మీద ఎడమ పక్క పాడైనవి పెడతామండీ. కుడి పక్కవి అయిపోయినవి, బిగించి ఇచ్చేయడమే. దీన్ని నేను కుడి పక్కనుంచి తీశాను. ఇక్కడి పాత పెట్టెని తీసుకెళ్ళి..." చేతులు చూసుకున్నాడు. "తీసినచోటే పెట్టేశాను."

షాపులో ఉండేది అతని మామ. మెకానిక్ ఫోను కలపగానే వదిన దాన్ని లాక్కుని బల్ల మీద పెట్టి అందరికీ వినబడేలా చేసింది.

"మామా, కుడి పక్క పెట్టె ఉంది చూడు, దాన్ని ముట్టుకోకు."

"ఏ పెట్టె? ఊయలదా? పొద్దున్నే బిగించి ఇచ్చేశాను కదరా. స్విచ్ వేసి చూశాను, మూడుసార్లు కూసింది, పచ్చదీపం వెలిగింది. బ్రహ్మాండంగా ఉంది."

"ఎవరికి?"

"ఆ పెద్దాయనకేరా. మనవరాలికని తెచ్చాడే. వాళ్ళింట్లో నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా ఊయల కూస్తోందిట, పసిది ఉలిక్కిపడి లేస్తోందిట, ఆ కూత మాన్పించమన్నాడు కదా. ఇక కూయదులెండి అని చెప్పా. పాపం ఎంత సంతోషపడ్డాడో."

"ఇల్లెక్కడ? ఫోన్ నంబరు?"

"అవన్నీ ఎవరడుగుతార్రా. ఇక్కడే దగ్గర్లోనేనని మోసుకుంటూ పోయాడు. ఏరా, ఏమైంది? ఏంట్రా మాట్లాడవు?"

వదిన అప్పటికే గుమ్మం దాటింది. వెనకాల మెకానిక్ చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. మీసాల సారు ఒక్క క్షణం నిలబడి, టోపీ అక్కడే పడేసి, "జీపు తియ్యండిరా!" అని అరుచుకుంటూ వాళ్ళ వెంట పడ్డాడు. గోడవతల ప్రెస్సు మళ్ళీ దుమ్మంది. లైట్లు కుంగి లేచాయి. మూల ఊయల ఆగి, మూడుసార్లు కూసి, ఖాళీగా ఊగింది. ఈసారి ఎవరం భయపడలేదు. నా కూతురు దాన్ని చూసి చెయ్యి ఊపింది.

వాళ్ళు వీధి వీధీ తిరుగుతున్నారు. ఇంతవరకు దొరకలేదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఆ పెద్దాయన మీ వీధిలోనే ఉండొచ్చు. మీ పక్కింట్లోంచి, మేడమీది వాటాలోంచి, నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా పిట్ట కూతలాంటిది ఒకటి ఇన్నాళ్ళూ మీకు వినబడుతూ ఉందేమో, ఇవాళ వినబడలేదేమో గుర్తు తెచ్చుకోండి. పోనీలే, హాయిగా ఉంది అనుకున్నారేమో. చదువుతున్నది అక్కడ బోర్లించి లేవండి. ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, తలుపు కొట్టండి. పసిది నిద్రపోతోంది, లేపకండి అంటారు. పచ్చదీపం వెలుగుతోంది, ఏం భయం లేదంటారు. దీపాన్ని చూడకండి. దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడండి.